విత్‌డ్రా అయిన దరఖాస్తు



కఠినమైన ఆంగ్ల పదాలు, వాటి అర్థాలు నేర్చుకోవడం గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. పదాల పట్టిక తెస్తామని మీరు అనుకొని ఉండవచ్చు. మేము తెచ్చింది ఒక కుటుంబం కథ.

మాకు తెలిసిన ఒక అమ్మాయి ఉపకార వేతనానికి దరఖాస్తు చేసింది. కొన్నాళ్లకు ఆంగ్లంలో లేఖ వచ్చింది. పదిహేను రోజుల్లో లోపం సరిదిద్దకపోతే దరఖాస్తును ‘విత్‌డ్రాన్‌’గా ‘డీమ్‌’ చేస్తామని అందులో ఉంది. విత్‌డ్రా అన్న మాట ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బ్యాంకులో డబ్బు తీసుకోవడం. సొమ్ము మంజూరైందనుకొని ఆ తల్లి ఇరుగుపొరుగుకు మిఠాయి పంచింది. దరఖాస్తును మీరే వెనక్కి తీసుకున్నట్టు భావిస్తామన్న అసలు అర్థం గడువు దాటాక గానీ తెలియలేదు. ఆ ఏడాది ఫీజు కోసం ఆమె గాజులు తాకట్టుకు వెళ్లాయి.

తెలియని పదమైతే ఎవరినైనా అడిగేవారు. తెలుసనుకున్న పదమే వారిని ముంచింది.

మన ఆస్తుల సంగతికి వద్దాం. 1995 నాటి వక్ఫ్ చట్టంలో 51వ సెక్షన్ శీర్షిక ఒక్క వాక్యం: బోర్డు ‘శాంక్షన్’ లేకుండా వక్ఫ్ ఆస్తిని ‘అలైనేషన్’ చేస్తే అది ‘వాయిడ్’. అలైనేషన్ అంటే నిఘంటువులో మొదట కనబడేది మనుషుల మధ్య ఎడబాటు. ఇక్కడ దానర్థం ఆస్తి పరుల చేతికి పోవడం. తెలుగులో అన్యాక్రాంతం అంటే సరిగ్గా సరిపోతుంది. శాంక్షన్ మరీ గడుసుది. ఇక్కడ మంజూరు, దేశాల మధ్య వార్తల్లో ఆంక్ష. వాయిడ్ అంటే చెల్లదు. పక్కనే ‘వాయిడబుల్’ ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఈ రెంటినీ వేరు చేసింది. వాయిడబుల్ ఒప్పందాన్ని, మోసపోయిన వ్యక్తి రద్దు కోరేంతవరకు అది చెల్లుతుంది. తోక చిన్నదే, ఊరుకుంటే పోయేది ఇల్లు.

కోఠీలో దొరికే ‘రోజుకు ఇరవై పదాలు’ పుస్తకాలు మేమూ కొన్నాం. నెల తిరిగేసరికి ఒక్కటీ గుర్తులేదు. వాక్యం లేని పదం నిలవదు. అందుకే ఇప్పుడు ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీస్తున్నాం: ఆంగ్లం, ఉర్దూ, తెలుగు. కింద ఆ పదం కనబడిన వాక్యం. అఫిడవిట్ ఎదుట తాతగారు ‘హలఫ్‌నామా’ అన్నారు, మనవరాలు ‘ప్రమాణపత్రం’ అని రాసింది. శాంక్షన్ ఎదుట ‘మంజూరీ’, ‘మంజూరు’ పక్కపక్కనే కూర్చున్నాయి. ఆంగ్లం రాని పెద్దవారు ఆ పూట గురువులయ్యారు.

మన పిల్లలు ఈ భాష ముందు బెదరనక్కరలేదు. అల్‌జీబ్రా వచ్చింది తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచి. ఆల్గారిథమ్ ఆయన పేరు నుంచే. పత్రికను మ్యాగజైన్ అంటారు కదా, దాని మూలం గోదాములు అనే అర్థమిచ్చే అరబ్బీ ‘మఖాజిన్’. ఇవి గొప్పలకు చెప్పుకోవడానికి కాదు. తెలిసిన చుట్టం ఒకరుంటే కొత్త ఊళ్లో అడుగు పెట్టడం సులువు, అంతే.

వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత ఇక్కడే కూర్చుంటాం. అర్థం కాక బీరువాలో దాచిన కాగితం ఉంటే తీసుకురండి. సంతకం పెట్టకముందే తెస్తే మరీ మంచిది.