ఊరి నడుమ వీధికి తాళం వేయకండి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను బడి గురించి మాట్లాడమన్నారు. ఆ పని నాకంటే బాగా చేయగలవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని మనం బడికి నడిచి వచ్చిన వీధుల గురించి నాలుగు మాటలు చెబుతాను. పట్టాభిరామస్వామి గుడి చుట్టుపక్కల, బజారును ఆనుకుని ఉన్న చిన్న వీధులూ సందులూ మనలో చాలామంది పుట్టి పెరిగిన చోటు. నేను ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. కాబట్టి నేను చెప్పబోయేది పాత జ్ఞాపకం కాదు, రోజూ చూస్తున్న సంగతి.

మన ఊరు కాగితాల మీద వాల్మీకిపురం. మన నోటికి మాత్రం ఇంకా వాయల్పాడే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లెతోపాటు కడప జిల్లా నుంచి వచ్చి చేరిన తాలూకా మనది. 1985లో మండలాలు వచ్చేదాకా ఇది తాలూకా కేంద్రం. మన వీధులు అలా ఉండటానికి ఇదీ ఒక కారణమే. తాలూకా కచేరీ ఉన్న ఊరు కాబట్టి గుమాస్తాలు, అయ్యవార్లు, పోస్టాఫీసు ఉద్యోగులు బదిలీల మీద వస్తూ పోతూ ఉండేవాళ్ళు. ఊరి నడుమ ఇళ్ళలో ఒక వారగా రెండు గదులు వాళ్ళకు బాడుగకు ఇచ్చేవాళ్ళు. నడవ ఒకటే, బావి ఒకటే, పొయ్యిలు మాత్రం రెండు. కొత్త మనిషి రావడం ఆ వీధులకు కొత్త కాదు.

ఇల్లు కట్టిన తీరు కూడా అలాంటిదే. రెండు ఇళ్ళకూ నడుమ గోడ ఒకటే. ఆ గోడ నానితే ఇద్దరికీ నష్టం, బాగు చేయిస్తే ఇద్దరికీ ఖర్చు. ముందర తిన్నె. కోస్తావాళ్ళు అరుగు అంటారు. తిన్నె ఇంటాయన సొత్తే, కానీ దాని మీద కూర్చోవడానికి ఆయన్ను అడగనక్కర్లేదు. గంప దించుకుని ఊపిరి పీల్చుకునే ఆకుకూరల ఆమె, పేపరు చదివే రిటైరయిన పెద్దాయన, ఎక్కాలు వల్లించే పిల్లలు, అందరూ ఆ మూడడుగుల గచ్చు మీదే. వీధిలో ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరి పిల్లవాడు బడి ఎగ్గొట్టాడో తిన్నెకు ముందు తెలిసేది, ఇంటికి తరువాత తెలిసేది.

అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆమె 1961లో నగరాల మీద ఒక పుస్తకం రాసింది. న్యూయార్క్‌లో తాను కాపురమున్న పాత పేటను చూసి ఆమె చెప్పిందేమిటంటే, వీధిని ముందుగా కాపాడేది పోలీసులు కాదు, కిటికీలోంచి, అంగడి ముందు నుంచి చూస్తూ ఉండే మామూలు మనుషులు అని. ఆ సంగతి మన తిన్నెల మీది అవ్వలకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. కాపాడే కన్నే తప్పు పట్టే కన్ను కూడా. మన పక్కనే ఉన్న తరిగొండలో 18వ శతాబ్దంలో పుట్టిన వెంగమాంబ, భర్త పోయాక కూడా విధవకు లోకం పెట్టిన ఆచారాలకు తలవంచలేదని ఆమె చరిత్ర చెబుతుంది. ఊళ్ళో ఆమె పడిన నిందలు ఇన్నీ అన్నీ కావు. చివరకు తిరుమల చేరింది. ఈనాడు తిరుమలలో వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. కానీ బతికుండగా సొంత ఊరు ఆమెను నెమ్మదిగా ఉండనివ్వలేదు.

ఇంకొకటి. ఆ బాడుగ గదులు అందరికీ దొరికేవి కావు. ఆ బావిలో అందరూ చేద వేయడానికి లేదు. దళితవాడ నుంచి వచ్చిన పిల్లలు బడిలో మన పక్కన ఒకే బెంచీ మీద కూర్చున్నారు, మన తిన్నె మీద కూర్చోలేదు. ఈ సభలో ఆ పిల్లలూ ఉన్నారు, ఇప్పుడు వాళ్ళూ తాతలయ్యారు. ఆ వీధిని పొగడమంటే వాళ్ళ ఎదుట నేను సగమే పొగడగలను. అందరినీ పక్కపక్కన కూర్చోబెట్టే పని ఈ ఊళ్ళో మొదలుపెట్టింది వీధి కాదు, బడి.

ఇప్పుడు ఆ వీధులు ఎలా ఉన్నాయో చెబుతాను. మా సందులో వరసగా మూడు ఇళ్ళకు తాళాలున్నాయి. పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారు. పెద్దవాళ్ళు పోయారు, లేదా పిల్లల దగ్గరికి వెళ్ళారు. అన్నదమ్ముల భాగాలు తేలలేదు కాబట్టి అమ్మరు, బాగు చేయరు, బాడుగకూ ఇవ్వరు. గోడ సందులో రావిమొక్క మొలిచింది. దాని వేరు పక్కింటి గోడలోకి పోతోంది. ఆ పక్కింట్లో ఒంటరిగా ఉన్న ముసలామె రాత్రిపూట పడిపోతే కేకకు పలికేవాళ్ళు లేరు. శ్రీరామనవమి బ్రహ్మోత్సవాలకు మీరంతా వస్తారు. తలుపులు తీస్తారు, కల్లాపి చల్లి ముగ్గు వేస్తారు, స్వామి వాహనం వస్తే హారతి ఇస్తారు. ఉత్సవం అయిపోగానే మళ్ళీ తాళం. మిగిలిన ఏడాదంతా వీధికి ఒక కన్ను మూసుకుపోయినట్టే.

అందుకని మిమ్మల్ని మూడు కోరికలు కోరుతున్నాను.

మొదటిది, ఇంటికి తాళం వేసి పెట్టకండి, బాడుగకు ఇవ్వండి. ఖాళీ చేయరేమోనన్న భయం న్యాయమైనదే. కాగితం రాసుకోండి. 11 నెలల ఒప్పందం అందరూ రాసుకునేదే. అన్నదమ్ముల తగవు తేలకపోయినా వచ్చే బాడుగను పంచుకోవచ్చు, కప్పు కారకుండా చూసుకోవచ్చు. మనుషులు లేని ఇల్లు మనుషులున్న ఇంటికంటే తొందరగా కూలుతుంది.

రెండోది, ఇల్లు అడిగి వచ్చినవాళ్ళను 'మీరేమిటోళ్ళు' అని అడగకండి. ఉద్యోగం ఏమిటి, ఎంతమంది ఉంటారు, బాడుగ ఎప్పుడిస్తారు, ఈ మూడూ చాలు. కొత్తగా బదిలీ మీద వచ్చే టీచరమ్మ, ఆసుపత్రి నర్సు, బ్యాంకు కుర్రవాడు, టమోటా మండీలో లెక్కలు రాసే మనిషి, వీళ్ళంతా ఆ మొదటి ప్రశ్న దగ్గరే వెనక్కి తిరిగి, ఊరి బయట లేఅవుట్లలో ఇళ్ళు వెతుక్కుంటున్నారు. బెంగళూరులో మన పిల్లలను ఎవరైనా అదే ప్రశ్న అడిగితే మనకు ఎంత కష్టంగా ఉంటుందో ఒకసారి తలచుకోండి.

మూడోది, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడితే వీధివైపు ఒక కిటికీ, ఒక తిన్నె ఉంచండి. కారు ఎక్కడానికి ర్యాంపు కడుతున్నాం, ఆరడుగుల ఇనుప గేటు పెడుతున్నాం. ఆ పక్కన మూడడుగుల గచ్చు కూడా పడుతుంది.

మన సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. జ్ఞాపికలు ఇచ్చుకున్నాం, శాలువాలు కప్పుకున్నాం. దానితోపాటు సంఘం తరఫున ఒక నోటుపుస్తకం పెడదాం. ఊరి నడుమ ఖాళీగా ఉన్న మన ఇళ్ళు ఒకవైపు, ఇల్లు కావలసిన ఉద్యోగుల పేర్లు రెండోవైపు రాద్దాం. మన బడికి ఈ ఏడాది కొత్తగా వచ్చే అయ్యవారికి మన వీధిలోనే ఇల్లు దొరికితే, ఆయన పిల్లలు మన తిన్నె మీద కూర్చుని ఎక్కాలు చదువుకుంటారు. పుస్తకం నేను తెచ్చాను, వెనక బల్ల మీద ఉంది. మధ్యాహ్నం భోజనాలకు వెళ్ళేముందు మీ ఇంటి వివరం అందులో రాసి వెళ్ళండి.