పరుగుపందెములకు ప్రయాణము



నేను వైరా ప్రాంతమున తెలుగు పండితుడనుగా చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. పరుగుపందెములను గూర్చి పండితుడేమి చెప్పగలడని మీకు సందేహము కలుగవచ్చును. ఉద్యోగధర్మముగా నొకపరి పిల్లలను పరుగుపందెములకై భద్రాచలము తోడ్కొనిపోతిని. ఆ ప్రయాణమును, దాని పిమ్మట నేను చేసిన పొరపాటును గ్రామములలోని పెద్దలకు విన్నవించుటయే నేటి నా యుద్దేశము.

అది 1993వ సంవత్సరము, చలికాలము. వ్యాయామోపాధ్యాయులు జ్వరముతో మంచము పట్టిరి. ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిచి, “పంతులుగారూ, పిల్లలు ఆరుగురు. ఈసారి మీరే తీసుకొనిపోవాలి” అనిరి. నలుగురు బాలురు, ఇద్దరు బాలికలు. ఆ బాలికలలో నొకతెకు పదమూడేండ్లు. ఆమె తెల్లవారుజామున వైరా చెరువుకట్టమీద పరుగెత్తుచుండగా నేను పలుమారులు చూచితిని. 1930లో కట్టిన ఆ జలాశయము మన పొలములకు నీరిచ్చుచున్నది. దాని కట్టయే యా పిల్లకు మైదానము. కాళ్లకు చెప్పులైనను లేవు.

ఉదయము బస్సెక్కితిమి. తల్లాడలో నందరికిని ఇడ్లీలు పెట్టించితిని. ఏన్కూరు దాటగానే అడవిగాలి తగిలినది. జూలూరుపాడు మీదుగా కొత్తగూడెము చేరి, బస్సు మారుటకు గంటసేపు నిలిచితిమి. సింగరేణి బొగ్గును 1871లో ఇల్లెందు ప్రాంతమున కనుగొన్న వృత్తాంతము నేను చెప్పుచుండగా, పిల్లల చూపు మిరపకాయబజ్జీల బండిమీద నుండెను. జాలిపడి కొనిపెట్టితిని. మరునాడు వారిలో నొక బాలుడు కడుపు పట్టుకొని పందెము నడుమ కూలబడెను. ఆ దోషము నాదే. పరుగెత్తబోవు పిల్లలకు నూనెవంటకములు పెట్టరాదని, తేలిక భోజనమైనను పందెమునకు రెండు మూడు గంటల ముందే ముగియవలెనని నాకు నాడు తెలియదు.

పాల్వంచ దాటిన పిదప పెద్దమ్మతల్లి గుడికడ బస్సు నిలిచినది. ప్రయాణికులు కూర్చున్నచోటనుండియే దండములు పెట్టిరి. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి, భద్రాద్రి రాముని గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో మ్రగ్గిన కథ నెత్తుకొంటిని. కథ చెరసాల చేరకమునుపే పిల్లలు నిద్రపోయిరి. సారపాక దాటి గోదావరి వంతెన యెక్కినప్పుడు నేనే లేపితిని. 1965లో ఆ వంతెన ప్రారంభమగువరకు యాత్రికులు పడవలమీద ఏరు దాటెడివారు. ఆ బాలిక కిటికీలోనుండి నీటిని చాలసేపు చూచి, “మన చెరువుకన్నా పెద్దదా సార్?” అని యడిగెను.

మరునాడుదయము మైదానమున సున్నపు గీతలు గీసిరి. ఎనిమిదివందల మీటర్ల పందెమనగా రెండు చుట్లు. మొదటి చుట్టు ముగియునప్పటికి మన పిల్ల నాలుగవది. రెండవ చుట్టున నొక్కొక్కరినే దాటుచు, చివరి మలుపుకడ అందరిని వెనుకవేసి గీత దాటెను. ఆమెకు స్టీలు గిన్నె బహుమాన మిచ్చిరి. పై పందెములకు హైదరాబాదు పంపవలెనని నాకు చెప్పిరి.

తిరిగివచ్చి నేను వారి యింటికి పోతిని. ఆమె తాతగారు అరుగుమీద కూర్చుండి నా మాటలన్నియు వినిరి. పిమ్మట నిట్లనిరి: “పంతులుగారూ, పిల్ల ఉరుకుతదని నాకు తెలుసు, కట్టమీద నేనూ చూసిన. మరి పట్నంలో రాత్రి యాడ పండుకుంటది? పక్కన ఆడమనిషి ఎవరు? ఖర్చు ఎవరిది?”

నాకడ సమాధానము లేకపోయెను. “పెద్దలు, మీ యిష్టము” అని నమస్కరించి వచ్చితిని. ఊరివారు మొరటువారు, వారికి చదువు విలువ తెలియదని మనసులో ననుకొంటిని కూడ. నిజమునకు ఆ పెద్దమనిషి పరుగును కాదనలేదు. దారిని గూర్చి మూడు ప్రశ్నలు వేసెను. మూడును న్యాయమైనవే. హైదరాబాదు పోవుటకు వారము గడువుండెను. తోడు రమ్మని ఒక ఉపాధ్యాయినిని అడుగవచ్చును, అడుగలేదు. ఛార్జీలకై నలుగురు రైతులను అడుగవచ్చును, అడుగలేదు. రాత్రి బస ఎచటనో కనుగొని మరల వారి యరుగెక్కవచ్చును, ఎక్కలేదు. రెండేండ్లకు ఆ పిల్లకు పెండ్లి చేసిరి.

చాల యేండ్ల పిమ్మట సంతలో నామె కనబడి నమస్కరించెను. చంకలో బిడ్డ యుండెను. “సార్, గోదావరి గుర్తున్నదా?” అని మాత్ర మడిగెను. పరుగుమాట ఆమె యెత్తలేదు, నేనును ఎత్తలేదు.

ఇది పాతకథ గదా యని మీరనవచ్చును. వరంగల్లు జిల్లాలో, పర్వతగిరి మండలమున, కల్లెడ యను గ్రామమున్నది. అచటి కూలీ దంపతుల కుమార్తె జీవంజి దీప్తి. మేధోవైకల్యముతో పుట్టిన ఆ పిల్లను చుట్టుప్రక్కలవారు ఎగతాళి చేసిరి. తలిదండ్రులు మాత్రము విడువలేదు, శిక్షకులు చేయూతనిచ్చిరి. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున, ప్రపంచ పారా పోటీలలో, ఆమె నాలుగువందల మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి, ఆనాటి ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకము గెలిచినది. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్సులో కాంస్యపతకము తెచ్చినది. ఆ వార్త విన్ననాడు నాకు సంతోషముతోపాటు చెరువుకట్టయు జ్ఞప్తికి వచ్చినది.

కిష్కింధాకాండలో సముద్రతీరమున వానరులందరు తమ తమ బలములు చెప్పుకొనుచుండగా, హనుమంతుడు మాటాడక యొకప్రక్క కూర్చుండెను. జాంబవంతుడు వృద్ధుడు. తాను దుముకలేనని యొప్పుకొనెను. కాని దుముకగలవా డెవడో యెరిగి, వానికడకు పోయి, వాని శక్తిని వానికి గుర్తుచేసెను. గ్రామమున పెద్దల పని యదియే.

మీ యూరిలో పరుగెత్తు పిల్ల యుండవచ్చును. పందెములకు పోవలసివచ్చినప్పుడు ఆ తాతగారి మూడు ప్రశ్నలను మీరే ముందుగా వేయుడు. మీరే సమాధానములు కూర్చుడు. తోడుగా నొక స్త్రీని పంపుడు. బస యెచటనో బడివారి నడిగి తెలిసికొనుడు. ఛార్జీలకు, ఒక జత బూట్లకు నలుగురు చేతులు కలుపుడు. పదునెనిమిదేండ్లు నిండనిదే ఆడపిల్లకు పెండ్లి చేయుట చట్టవిరుద్ధమని ఆ యింటివారికి చెప్పుడు. బడి పంతులు ఒకమారు వచ్చి మరల రాకపోయినచో, మీరే యతని యింటికి పోయి పిలుచుకొని రండు. నన్నెవరైన నట్లు పిలిచియుండినచో నేను తప్పక వెళ్లియుందును.

సెలవు.