ఒక పాత జీపు కోసం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా మనం మాట్లాడుకునేది రెండు విషయాలు. ఒకటి కరువు, రెండోది కరువు భత్యం. మొదటిది అడగకుండానే వస్తుంది. రెండోది ఎంత అడిగినా ఆలస్యంగానే వస్తుంది. కార్యదర్శిగారు నన్ను ఈసారి వేరే ఏదైనా చెప్పమన్నారు. అందుకని ఒక జీపు సంగతి చెబుతాను. చివర్లో ఒక బాకీ సంగతి కూడా చెప్పవలసి ఉంది. దాని కోసమే నిజానికి ఈరోజు లేచి నిలబడ్డాను.

నా మనవరాలు బెంగళూరులో మోటారు వాహనాల పత్రిక ఒకదానికి ఫోటోలు తీస్తుంది. మొన్న వేసవిలో ఫోను చేసి, "తాతా, పాత జీపుల మీద ప్రత్యేక వ్యాసం వేస్తున్నాం. మీ అనంతపురంలో మంచి క్లాసిక్ జీపు ఒకటి వెతికిపెట్టు" అంది. నాకు నవ్వొచ్చింది. మన కాలంలో మనం కండెం అన్నదాన్నే ఇప్పటి పిల్లలు క్లాసిక్ అంటున్నారు. ఆ లెక్కన ఈ హాలులో ఉన్నవాళ్లమంతా క్లాసిక్కులమే.

ఆమె షరతులు మూడు. బండి పుట్టినప్పుడు ఉన్నట్టే ఉండాలి. నాలుగు చక్రాలకూ గేరు పడాలి. యజమాని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. వినడానికి సులభంగానే ఉన్నాయి. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది కష్టం.

జీపు పుట్టుపూర్వోత్తరాలు పిల్లల కోసం రెండు మాటల్లో చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1940-41లో అమెరికా సైన్యం చేయించుకున్న బండి ఇది. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధం ముగిసేసరికి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే ఉక్కు వ్యాపార సంస్థ మొదలైంది. అందులోని భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యారు. ఇక్కడి సంస్థ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అని పేరు మార్చుకుంది. విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయి మజ్‌గావ్‌లో బిగించడంతో మన దేశంలో జీపు కథ మొదలైంది.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమయ్యాక బ్లాకుకొక జీపు వచ్చింది. పల్లెజనానికి ప్రభుత్వమంటే ఆ జీపే. దూరాన దుమ్ము లేస్తే చాలు, "బ్లాకు జీపొస్తా ఉంది" అని పిల్లలు పరిగెత్తుకొచ్చేవారు. మన జిల్లాలో దానికి చేతినిండా పని ఉండేది. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి వానలు మనకు సరిగా అందవు. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య వానలూ అంతంతమాత్రమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపులో కురిసే వానతో శెనక్కాయ పండించుకునే నేల ఇది. కరువు పనుల మస్టర్లు, బోర్ల తనిఖీలు, గంజి కేంద్రాలు, పశుగ్రాసం డిపోలు, అన్నింటికీ జీపే దిక్కు.

సరే, వెతుకులాటకు వస్తాను. మొదట అనంతపురంలోనే ఒక మెకానిక్ షెడ్డుకు వెళ్లాం. ఎర్రరంగు జీపు ఒకటి తళతళ మెరుస్తోంది. ట్రాక్టరుకు వేయదగ్గ టైర్లు, ముందువైపు ఆరు లైట్లు. మా మనవరాలు బానెట్టు ఎత్తి చూసి తల అడ్డంగా ఊపింది. లోపల డీజిల్ ఇంజను ఉంది. పెట్రోలు ధర పెరిగిన కొద్దీ మనవాళ్లు పాత పెట్రోలు ఇంజన్లు పీకేసి దొరికిన డీజిల్ ఇంజన్లు బిగించిన సంగతి మీకు తెలుసు. బాడీ ఒకదానిది, చాసిస్ మరొకదానిది. ఊరేగింపుకు పనికొస్తుంది గాని పత్రికకు పనికిరాదు.

రెండోది హిందూపురం వైపు. అది జీపు కాదు, జోంగా. జబల్‌పూర్‌లోని సైనిక వాహనాల ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 వరకు మన సైన్యం కోసం తయారైన బండి. నిస్సాన్ కంపెనీ నమూనా. మంచి బండే గాని అడిగింది అది కాదు. మూడోది ధర్మవరంలో దొరికింది. ఆర్సీ పుస్తకం ఒక బండిది, చాసిస్ నంబరు మరొక బండిది. చేతులు జోడించి వచ్చేశాం.

అప్పుడు నాకు భాయ్ గుర్తొచ్చాడు. 1970ల్లో నా జీపు తోలిన డ్రైవరు. నాకంటే రెండేళ్లు పెద్ద. పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, భాయ్ అనే పిలిచేవాణ్ణి. ఆయన నన్ను ఇప్పటికీ సార్ అనే అంటాడు. కంటి ఆపరేషను అయి ఇంట్లోనే ఉన్నాడు. సంగతి చెప్పగానే, "మన బండే ఉంది కదా సార్" అన్నాడు.

మన బండిని ఎనభయ్యో దశకంలో కండెం చేసి వేలం వేశారు. పాట పాడుకున్న రైతుకు బండి తోలడం రాదు. అందుకని కళ్యాణదుర్గం అవతల వాళ్ల ఊరిదాకా తోలుకెళ్లి అప్పగించి వచ్చినవాడు భాయే. "ఇనుప సామానుకు వేయకుంటే అక్కడే ఉంటుంది" అన్నాడు. మర్నాడే ముగ్గురం బయలుదేరాం.

ఆ రైతు కాలం చేసి నాలుగేళ్లయిందట. కొడుకు ఉన్నాడు. శెనక్కాయ చేను పక్కన కొట్టంలో, కట్టెల మోపుల వెనక జీపు ఉంది. డ్రైవరు సీటులో కోడి పొదుగుతోంది. వెనక రేకు మీద 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అన్న తెల్ల అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. భాయ్ కళ్లకు ఎంత కనిపించిందో తెలియదు గాని బానెట్టు మీద చెయ్యి పెట్టి, "ఇదే సార్" అన్నాడు.

మా మనవరాలు పరీక్ష మొదలుపెట్టింది. ముందు జాలీలో ఏడు సందులు ఉన్నాయి. యుద్ధకాలపు జీపుకు తొమ్మిది ఉండేవి. బానెట్టు మామూలు జీపుకంటే ఎత్తు. ఎందుకంటే ఈ సీజే-3బి రకంలో గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే వాల్వులను ఇంజను తల మీదకు మార్చారు. ఇంజను ఎత్తు పెరిగింది, దాని కోసం బానెట్టూ పెరిగింది. గేరు కడ్డీ పక్కన మరో రెండు చిన్న కడ్డీలున్నాయి. ఒకటి ముందు చక్రాలను కలపడానికి, రెండోది బరువు గేరుకు. ఇంజను పాత పెట్రోలుదే. చాసిస్ నంబరు, ఆర్సీ, వేలం రసీదు మూడూ సరిపోయాయి. ఆ రైతు ఎంత జాగ్రత్తపరుడో చూడండి, రసీదును బియ్యం డబ్బాలో దాచాడు.

అయితే కొడుకు ఒక మాట అన్నాడు. "శనివారం పాత ఇనుము వ్యాపారి వస్తున్నాడు సార్. కిలోల లెక్కన మాట్లాడుకున్నాం. బోరుకు అప్పు ఉంది." మాకు మిగిలింది రెండు రోజులు.

భాయ్ ఆ మధ్యాహ్నమే పనిలోకి దిగాడు. చూపు ఆనకపోయినా వేళ్లకు అన్నీ గుర్తున్నాయి. ప్లగ్గులు విప్పించాడు, పాయింట్లు గీకించాడు, కార్బురేటరు కడిగించాడు. రైతు కొడుకు హ్యాండిలు తిప్పితే, నాలుగోసారికి ఇంజను దగ్గి, పొగ వదిలి, అందుకుంది. బ్రేకులు మాత్రం పట్టలేదు. అందుకని బరువు గేరులో నడకవేగంతో చెరువు కట్టదాకా తీసుకెళదామనుకున్నాం.

మర్నాడు తెల్లవారుజామున ఆ ఇంటి ఇల్లాలు రెండు బిందెల నీళ్లతో వచ్చింది. "పత్రికలో వేస్తారంట, మురికి బండి చూపిస్తే మాకు నామర్దా కదా" అంది. మా మనవరాలు ఆ బిందెలు కింద పెట్టించి, "వద్దక్కా, ఈ దుమ్ముతోనే కావాలి. నీళ్లు ఇంట్లోకి ఉంచుకోండి" అంది. ఆ మాటకు ఆమె మొహంలో కనిపించిన నెమ్మది నేను మరచిపోలేను. ఆ ఊళ్లో నీళ్ల విలువ తెలియనిదెవరికి?

ఆరుగంటల ఎండలో పని జరిగింది. వాలుగా పడే వెలుతురులో రేకు మీది ప్రతి సొట్టా కనిపిస్తుందట. నడినెత్తిన ఎండలో అంతా తెల్లగా పోతుందట. ముందు చక్రాలు కొంచెం ఒకవైపుకు తిప్పించి, అద్దం బానెట్టు మీదకు పడుకోబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని తీసింది. వెనక చుక్క నీరులేని చెరువు. తరువాత ఒకటి అడిగింది. "తాతా, సీటులో ఎవరైనా ఉంటే బాగుంటుంది. నువ్వు కూర్చో."

నేను కూర్చోలేదు. "అది నా సీటు కాదమ్మా, భాయ్‌ది" అన్నాను. ఆయన ఎక్కి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను నలభై ఏళ్లు దాటినా చెప్పని మాట. ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను.

1979 అక్టోబరులో మేము కళ్యాణదుర్గం వైపు క్యాంపులో ఉన్నాం. అర్ధరాత్రి నలుగురు పల్లెటూరివాళ్లు బంగళా తలుపు తట్టారు. ఒక ఆడకూతురికి పురిటినొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. ముందురోజు వానకు వంక పారుతోంది, బండ్లు దాటవు. భాయ్ నన్ను లేపి అడిగాడు. "తీసుకెళ్లు భాయ్" అన్నాను. నోటిమాటే, కాగితం మీద ఏమీ రాయలేదు. ఆయన నాలుగు చక్రాల గేరులో వంక దాటించి ఆమెను ఆస్పత్రికి చేర్చాడు. తల్లీబిడ్డా దక్కారు.

తరువాత లాగ్‌బుక్ తనిఖీలో అరవై కిలోమీటర్ల తేడా వచ్చింది. సంజాయిషీ అడిగారు. ఆ నెలలోనే నా ప్రమోషను ఫైలు కదులుతోంది. భాయ్‌కు ఆ సంగతి తెలుసు. "సార్ నిద్రలో ఉన్నారు, నేనే తీసుకెళ్లాను" అని రాసిచ్చాడు. నేను కాదనలేదు. ఆయనకు ఒక ఇంక్రిమెంటు శాశ్వత ప్రభావంతో నిలిపేశారు. నాకు ప్రమోషను వచ్చింది.

శాశ్వత ప్రభావం అంటే ఏమిటో ఈ హాలులో ఎవరికీ చెప్పనక్కరలేదు. అది ఆ ఏడాదితో పోదు. ప్రతి నెల జీతంలోను, దాని మీద కట్టే డి.ఏ.లోను, చివరికి పింఛనులోను తగ్గుతూనే ఉంటుంది. ఆయన ఇప్పటికీ ప్రతి నెల మొదటి తారీకున నా మౌనానికి జరిమానా కడుతున్నాడు.

నేను ఇదంతా చెప్పాక భాయ్ స్టీరింగు వదలకుండా కొంతసేపు ఊరుకున్నాడు. తరువాత, "డబ్బు సంగతి పోనీ సార్. మా పెద్దోడు నేను పెట్రోలు అమ్ముకున్నాననే ఇన్నేళ్లూ అనుకుంటున్నాడు. ఆఫీసులో ఎవరో అన్నారంట. నేను చెబితే నమ్మలేదు. మీరు నలుగురిలో ఒక మాట చెబితే చాలు" అన్నాడు.

సోదరులారా, భాయ్ ఈరోజు మూడో వరుసలో కూర్చున్నారు. పక్కన ఆయన పెద్ద కుమారుడున్నాడు. నాయనా, మీ నాయన ఒక్క చుక్క పెట్రోలు అమ్ముకోలేదు. ఆ రాత్రి బండి తీసుకెళ్లమన్నది నేను. ఆ అరవై కిలోమీటర్లూ నావి. ఈ మాట ప్రత్యేక సంచికలో అచ్చువేయమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.

జీపు ఏమైందని మీరడుగుతారు. 2021లో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడని వాహనాన్ని వింటేజ్‌గా రిజిస్టరు చేయించవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ పనికి వాడకూడదు. మా మనవరాలు ఇది చెప్పగా రైతు కొడుకు శనివారం వచ్చిన వ్యాపారిని వెనక్కు పంపాడు. జీపులు సేకరించేవారు ఒకరిద్దరు వచ్చి చూసి వెళ్లారు. ఇనుము ధరకంటే మెరుగైన ధరే పలికింది. అమ్మాలా ఉంచుకోవాలా అని అతను ఇంకా ఆలోచిస్తున్నాడు. బోరు అప్పు అతనిది, నిర్ణయమూ అతనిదే.

ఇక ప్రభుత్వ జీపులంటారా, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషను ఉండదు, తుక్కుకు పోవలసిందే. ఒకప్పుడు రైతులు వేలంలో కొన్నవే ఎక్కడైనా మిగిలితే మిగలాలి. మన పెనుకొండ దగ్గర 2019 నుంచి లక్షల కార్లు తయారవుతున్నాయి. సంతోషం. కాని మన గుట్టలూ వంకలూ ఎక్కి దిగిన ఆ పాత బండ్లనూ, వాటిని తోలిన చేతులనూ కూడా గుర్తుపెట్టుకోవాలి.

పత్రికలో జీపు ఫోటో పెద్దదిగానే వచ్చింది. అందులో సీటు ఖాళీగా ఉంది, వాళ్ల పద్ధతి అది. భాయ్ కూర్చున్న ఫోటోను మా మనవరాలు వేరుగా అచ్చు తీయించి పంపింది. అది ఈరోజు ఆయన కుమారుడి చేతికి ఇస్తున్నాను.

చివరగా ఒక మనవి. మనలో చాలామంది అధికారులుగా రిటైరయ్యాం. మన వెనక ఒక డ్రైవరో, అటెండరో, మస్టర్ రాసిన గుమాస్తానో మన తప్పు మోసి ఉంటారు. వాళ్లు ఉండగానే వెళ్లి, ఆ మాట వాళ్ల పిల్లల ముందు చెప్పి రండి. పోయిన ఇంక్రిమెంటు తిరిగి రాదు. పోయిన పేరు మాత్రం తిరిగి ఇవ్వవచ్చు.