డోలీ ఫోటో ఒక్కటే పంపకండి



మన ఊరి సమస్య పేపర్లో రావాలంటే ఏం చెయ్యాలని చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు. మామూలుగా ప్రెస్ నోట్ రాస్తాం. పదిహేను డిమాండ్లు, కింద ఇరవై మంది నాయకుల పేర్లు. అందులోంచి రెండు లైన్లు లోపలి పేజీలో పడతాయి. విలేకరిని తిట్టి లాభం లేదు. మండల విలేకరికి చాలాచోట్ల సరైన జీతమే ఉండదు, కొండెక్కి రావడానికి పెట్రోలు ఎవరిస్తారు?

వానాకాలంలో డోలీ వార్తలొస్తాయి. చదివినోళ్లు అయ్యో పాపం అని పేజీ తిప్పేస్తారు. రోడ్డు ఎప్పుడు మంజూరైంది, ఫైలు ఏ ఆఫీసులో ఆగింది అన్నది అందులో ఉండదు. అది మన దగ్గర్నుంచే వెళ్లాలి.

ఒడిశాలో నియమగిరి సంగతి చూడండి. 2010లో సర్వైవల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ డోంగ్రియా కోంధుల పోరాటాన్ని 'అవతార్' సినిమాతో పోల్చి, హాలీవుడ్ పత్రికలో ప్రకటన వేసింది. ప్రపంచం చూసింది, మంచిదే. కానీ నాకు ఆ పోలిక అంతగా నచ్చదు, మనం సినిమా పాత్రలం కాదు కదా. 2013 కథ వేరు. గ్రామసభల మాట వినాలని ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. జులై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో జిల్లా జడ్జి ఎదుట సభలు జరిగాయి. 12 ఊళ్లూ బాక్సైట్ గని వద్దన్నాయి. విలేకరులు కొండెక్కి మరీ వెళ్లారు. ఎందుకు? ప్రతి ఊరికీ ఒక తేదీ ఉంది, ఒక తీర్మానం ఉంది, తర్వాతి ఊరు ఏమంటుందోనన్న ఆత్రం ఉంది. మాట్లాడింది ఊరోళ్లే, నియమరాజా గురించి, తమ భాషలో.

కాబట్టి ఫోటోతో పాటు ఊరి పేరు, తేదీ, ఎన్ని కిలోమీటర్లు మోశారో రాయండి. ఐటీడీఏలో ఇచ్చిన అర్జీ రశీదు జతచేయండి. ఆర్‌టీఐ జవాబుంటే మరీ మంచిది. మోసినవాళ్లలో ఒకరిని సిగ్నల్ అందే చోట ఉండమనండి, విలేకరి ఫోన్ చేస్తాడు. మధ్యాహ్నంలోపే పంపాలి, సాయంత్రానికి జిల్లా పేజీలు నిండిపోతాయి. ఎనిమిది కిలోమీటర్లని పదిహేను అనొద్దు. ఒక్కసారి దొరికితే ఆ తర్వాత మన నిజాన్ని కూడా ఎవరూ వెయ్యరు.

ఇంకోటి. ఆ అక్కని అడక్కుండా ఫోటో తియ్యొద్దు. నొప్పులు పడుతున్న మనిషి ముఖం మన ప్రచారానికి కాదు. డోలీ కర్ర, రాళ్ల దారి, పొంగుతున్న వాగు కనిపిస్తే చాలు.

వార్త వచ్చాక ఆ కటింగుని అర్జీకి జతచేసి మళ్లీ గ్రీవెన్స్‌కి వెళ్లాలి. నెల తర్వాత అదే చోట ఇంకో ఫోటో తీసి, అదే విలేకరికి పంపాలి.

భోజనాలయ్యాక ఊరివారీగా కూర్చుందాం. రశీదులు తెచ్చినోళ్లు ముందు రండి.