మందు పెట్టె మీద ఇంగ్లీషు మాట



ఈ రోజు ఒక ఇంగ్లీషు మాట నేర్చుకుందాం. ఆ మాట 'రిఫ్రిజిరేటెడ్'. అంటే ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఉంచినది అని అర్థం. కొన్ని మందుల పెట్టెల మీద 'కీప్ రిఫ్రిజిరేటెడ్' అని ఉంటుంది. అంటే ఫ్రిజ్‌లో దాచమని.

షుగరు జబ్బుకు వాడే ఇన్సులిన్ సంగతి చూడండి. సీసా మూత తీయకముందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేడి తగిలితే మందు బలం తగ్గుతుంది. పైకి మాత్రం సీసా మామూలుగానే కనపడవచ్చు. అప్పుడు సూది వేసుకున్నా షుగరు సరిగ్గా తగ్గదు. ప్రాణం మీదకు వస్తుంది.

అలాగని ఐసు అరలో పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ఇంట్లో ఫ్రిజ్ లేదా? కుండ ఉంది కదా! పెద్ద కుండలో తడి ఇసుక పోయండి. మధ్యలో చిన్న కుండ పెట్టండి. వాడుతున్న సీసాను కవరులో చుట్టి అందులో ఉంచండి. పైన తడిగుడ్డ కప్పండి. నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. ఇసుకను ఆరనివ్వకండి. ఇది ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు. అందుకే సీసాలు ఎక్కువ తెచ్చి దాచకండి.

మందు కొనేటప్పుడు అడగండి: "ఇది ఎక్కడ దాచాలి? ఎన్నాళ్లు ఉంటుంది?" అడిగి తెలుసుకోవడమూ చదువే.