అందరికీ 120/80



డాక్టరుగారి స్మారకోపన్యాసం మీరు చెయ్యాలని కమిటీవారు అడిగినప్పుడు, నేను వైద్యుణ్ని కాదు కదండీ అన్నాను. జిల్లా ఆరోగ్య శాఖలో గణాంకాల సెక్షన్లో నా సర్వీసంతా గడిచింది. పీహెచ్‌సీల నుంచి వచ్చే నెలవారీ రిపోర్టులు కూడడం, పైకి పంపడం, అదీ నా వైద్యం. "ఆ లెక్కల సంగతే చెప్పండి" అన్నారు. సరే అన్నాను. నా కూడికల్లో నిజమెంతో మొదట చూపించింది డాక్టరుగారే.

ఒకసారి తనిఖీకి వెళ్తూ నన్నూ జీపెక్కించుకున్నారు. కొండ కింద ఒక సబ్ సెంటర్. గర్భిణుల రిజిస్టరు తెరిచారు. పేర్లు, నెలలు, బరువులు. బీపీ గడిలో మాత్రం పైనుంచి కిందిదాకా 120/80. ఒకే పెన్ను, ఒకే వాలు. ఆయన కోప్పడలేదు. "ఏమ్మా, బీపీ మిషను ఒకసారి తీసుకురా" అన్నారు. ఏఎన్ఎం బీరువాలోంచి తెచ్చింది. బల్బు నొక్కగానే చీలిన ట్యూబులోంచి గాలి బుస్సుమంది.

"నాలుగు నెలలైంది సార్. ఇండెంటు పెట్టాను. గడి ఖాళీగా వదిలితే మీటింగులో లేపి నిలబెడతారు" అంది.

ఆయన నా వైపు తిరిగి, "విన్నారుగా. ఈ ఊళ్లో ఒక్క గర్భిణికీ బీపీ లేదని మీ టోటల్లో పడింది" అన్నారు.

గర్భిణికి బీపీ ముదిరి ఫిట్సు రావడాన్ని మన ముసలమ్మలు గుర్రపువాతం అనేవాళ్లు. తల్లుల ప్రాణాలు తీసే జబ్బుల్లో మొదటి వరసలోది. ముందే పట్టుకోవడానికి కావలసింది ఆ గుడ్డపట్టీ, బల్బు, గాలి నిలిచే ట్యూబు.

తర్వాత ట్యాబులు వచ్చాయి. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్ఎంల కోసం 'అన్‌మోల్' యాప్ ప్రవేశపెట్టారు. సిగ్నల్ లేనిచోట వివరాలు నింపుకుని, దొరికాక పంపుకోవచ్చు. రిజిస్టర్ల మోత తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ఆ తర్వాత ఇంకో యాప్ ఒకటి నా కంటబడింది, పేరెందుకు లెండి. అందులో బీపీ గడి తప్పనిసరి. నింపకపోతే తర్వాతి పేజీ రాదు. కాగితం మీదైతే ఖాళీ వదిలి చీవాట్లు తినే స్వేచ్ఛయినా ఉండేది. ఇక్కడ అదీ పోయింది. పాత 120/80 ఇప్పుడు రంగురంగుల గ్రాఫుగా పెద్ద తెరమీదికి ఎక్కింది. 'మిషను పనిచెయ్యడంలేదు' అని నొక్కడానికి ఒక బటన్ పెట్టాలని ఎవరికీ తోచలేదు. నా మాట నమ్మండి, మొత్తం సాఫ్ట్‌వేర్లో అంతకంటే విలువైన బటన్ ఇంకొకటి ఉండేది కాదు.

ఈ చిక్కు మనకొక్కళ్లకే రాలేదు. 1994లో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం పోయేనాటికి అక్కడ 14 ఆరోగ్య శాఖలు, దేని ఫారాలు దానివి. వాటిని ఒక దారికి తేవడానికి నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్లు, దక్షిణాఫ్రికా ఆరోగ్య ఉద్యమకారులు కలిసి పనిచేశారు. కార్ఖానాలో కంప్యూటరు పెడితే దాన్ని ఎలా వాడాలో కార్మికుల సంఘం కూడా చెప్పాలన్న ఆలోచన 1970ల నుంచీ నార్వేలో ఉంది. దాన్నే వీళ్లు ఆసుపత్రికి తెచ్చారు. వందల గడుల ఫారం తీసేసి, తప్పనిసరిగా కావలసిన కొన్నే ఉంచారు. లెక్క రాసిన క్లినిక్కే ముందుగా దాన్ని చూసుకుని వాడుకోవాలి, పై ఆఫీసు సంగతి ఆ తర్వాత అన్నారు. అలా పుట్టిన ఆరోగ్య లెక్కల సాఫ్ట్‌వేర్ డీహెచ్ఐఎస్, రెండో రూపంలో ఇప్పుడు 70కి పైగా దేశాల్లో నడుస్తోంది. ఆ బృందం మన దేశంలో మొదట అడుగుపెట్టింది 2000 ప్రాంతంలో మన చిత్తూరు జిల్లా కుప్పంలోనే. అప్పటి ముఖ్యమంత్రి నియోజకవర్గం కాబట్టి కంప్యూటర్లకు లోటులేదు. లోటు ఎక్కడో నేను చెప్పనక్కర్లేదు, ఇందాకటి ట్యూబు గుర్తుంటే చాలు.

అదే డీహెచ్ఐఎస్‌తో శ్రీలంక చేసింది చూడండి. కొవిడ్ ఇంకా మహమ్మారిగా ప్రకటించకముందే, 2020 ఆరంభంలో, విదేశాల నుంచి దిగేవాళ్ల వివరాలు పట్టి ఉంచే పద్ధతి దానిమీద తయారుచేశారు. వాళ్లు ఏ కంపెనీ కోసమూ ఎదురుచూడలేదు. కంప్యూటరు విద్య కూడా నేర్చిన డాక్టర్లు కొలంబోలో అప్పటికే ఉన్నారు. శ్రీలంక పని చూసి నార్వే మునిసిపాలిటీలు రోగుల కాంటాక్టులను వెదకడానికి దాన్నే పట్టుకున్నాయి. పేద దేశాలకని బయల్దేరిన వస్తువు పుట్టింటికి తిరిగొచ్చింది. ఈ కథ చెబితే డాక్టరుగారు పకపకా నవ్వేవారు.

మన దేశంలో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది 2015లో మొదలైన ఈవిన్. టీకాలు దాచే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనం ఉండాలి. వేడెక్కితే చెడిపోతాయని అందరికీ తెలుసు. పెంటావాలెంట్ లాంటివి గడ్డకట్టినా పనికిరావని చాలామందికి తెలియదు. ఈవిన్‌లో ఫ్రిజ్ లోపల సెన్సారు, బయట సిమ్ ఉన్న చిన్న పెట్టె ఉంటాయి. డిగ్రీలు తప్పితే కోల్డ్‌చైన్ చూసుకునే మనిషి ఫోనుకు మెసేజ్ వస్తుంది. అర్ధరాత్రి కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే తెల్లారేదాకా ఆగనక్కర్లేదు, లేచి వెళ్లి పెట్టెలు మార్చుకోవచ్చు. ఆ అంకె ముందు అతనికే పనికొస్తోంది. అందుకే అందులో అబద్ధం రాసే అవసరమూ, అవకాశమూ రెండూ తక్కువ.

ఫోనుకొచ్చే ఓటీపీల సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. హెల్త్ ఐడీ కోసం ఒకామెను కూర్చోబెట్టారు. ఆధార్‌కు లింకయిన ఫోను భర్త దగ్గరుంది, ఆయనేమో హైదరాబాద్‌లో తాపీ పనిలో. ఫోన్ చేసి "ఏవండీ, నంబరొచ్చింది చెప్పండి" అని అడగాలి. తనకు మూడో నెలని ఇంకా ఆయనకు చెప్పలేదట. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. ఆ గదిలో ఆ రోజు ఆమెను ఆదుకున్నది మాత్రం ఏఎన్ఎం. "సిగ్నల్ లేదులే, మళ్లీ చేద్దాం" అని ట్యాబు మూసేసింది.

చివరిగా, నేను రిటైరయ్యే ముందు చూసిన ఒక పుస్తకం. ట్యాబు వచ్చాక కూడా ఒక ఏఎన్ఎం చేతిసంచిలో పిల్లలు రాసుకునే నోట్‌బుక్కు మోసేది. "డబుల్ పని ఎందుకమ్మా?" అన్నాను. సిగ్గుపడుతూ ఇచ్చింది. ఇంటి నంబర్ల పక్కన చిన్న అక్షరాలు. 'అత్త పంపదు. మధ్యాహ్నం వెళ్లాలి.' 'బిడ్డకు జ్వరమొచ్చిందని రెండో డోసుకు భయం.' 'మిరపకోతలకు పోయారు, సంక్రాంతికి వస్తారు.' ఒక పేరు కింద రెండు గీతలు, పక్కన 150/100, దాని పక్కన ఒక ఆటో డ్రైవరు ఫోను నంబరు.

"బీపీ మిషను పనిచేస్తోందా?" అన్నాను.

"కొనుక్కున్నాను సార్" అంది.