లారీ కింద తుప్పు, డ్రైవరు ప్రాణానికి ముప్పు

(లారీ సెక్షను, వర్క్‌షాపు కార్మికుల సమావేశంలో మన యూనియన్ కార్యదర్శి ప్రసంగపాఠం)



ఆయుధపూజ దగ్గరకొచ్చింది. అది కాగానే మన తమిళనాడు దక్షిణ జిల్లాలకు ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, ఆ వెనకే ధనుర్మాసపు మంచు. చాలా రాష్ట్రాలకు చలికాలమంటే పొడి కాలం. మనకు మాత్రం తడి కాలం. అందుకే ఈ సమావేశాన్ని వానలకు ముందే పెట్టాం.

జీతాలు, బోనసు గురించి మాట్లాడవలసిన యూనియన్ లారీ తుప్పు గురించి మాట్లాడటమేమిటని కొందరు సోదరులు అడిగారు. లారీ యాజమాన్యం ఆస్తే, కాదనటం లేదు. కానీ బ్రేకు పైపు తుప్పు తిని పగిలిన రోజున స్టీరింగు ముందు ఉండేది యజమాని కాదు, మన డ్రైవరన్న. పక్కన ఉండేది మన క్లీనరు తమ్ముడు. కేసు రాస్తే మొదటి పేరు డ్రైవరుదే. కనుక ఇది ముమ్మాటికీ కార్మికుల సమస్యే.

మన లారీలు చేసే పని మీకు తెలిసిందే. ఇక్కడి నుంచి నూలు తూత్తుకుడి రేవుకు పోతుంది. తిరుగు ప్రయాణంలో విదేశీ పత్తి బేళ్ళు వస్తాయి. అద్దకం విభాగానికి ఉప్పు కూడా అక్కడి నుంచే రావాలి. తొట్టిలో ఉప్పు పడితేనే గదా రంగు నూలుకు పట్టేది! వానల్లో ఉప్పు మడుల్లో పని ఆగిపోయినా, తాటాకు కప్పి ఉంచిన కుప్పల నుంచి లోడింగు ఆగదు. తడి ఉప్పు, తడి రోడ్డు, రాత్రంతా సముద్రపు గాలిలో లైను కట్టి నిలబడటం. ఈ మూడూ కలిసి పనిచేసేది లారీ అడుగున, మన కంటికి కనబడని చోట.

తుప్పు సంగతి మిల్లు కార్మికులకు ఎవరూ నేర్పనక్కర లేదు. మేము ఏళ్ళ తరబడి రింగ్ ఫ్రేముల మధ్య నడిచినవాళ్ళం. నూలు తెగకూడదని మిల్లులో గాలికి తేమ పట్టిస్తారు. ఆ తేమలో యంత్రం వరుసగా నాలుగు రోజులు ఆగితే రింగుల మీద ఎర్రమచ్చ లేస్తుంది. నూలుకు ఆ మరక అంటితే ఎంత ఉతికినా పోదు. అందుకే పండగ సెలవులకు ముందు గుడ్డతో తుడిచి, నూనె రాసి మరీ ఇంటికి పోతాం. యంత్రానికి చేసే ఈ పాటి సేవ లారీ అడుగుకు ఎందుకు చెయ్యం? కనబడదు కనుక. పైన పటారం, లోన లొటారం అన్నట్టు, ఆయుధపూజకు బంపరుకు పసుపు కుంకుమ, అద్దానికి పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు అన్నీ పెడతాం. కిందికి వంగి చూసేవాళ్ళం ఎందరం?

ఇనుముకు గాలి, నీరు తగిలితే తుప్పు పడుతుంది. ఆ నీటిలో ఉప్పు కలిస్తే తుప్పు పరుగెత్తుతుంది. ఇనుము మీద ఉండే పలుచని రక్షణ పొరను ఉప్పు తెంచేస్తుంది. పైగా ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది. మామూలు ఉప్పయితే గాలిలో తేమ నూటికి 75 వంతులు దాటినప్పుడు నీరు పట్టుకుంటుంది. వానాకాలంలో ఇంట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లటం మన ఆడవాళ్ళందరూ చూసేదే. మడి నుంచి ఎత్తిన ముడి ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది నూటికి 33 వంతుల తేమకే తడి అవుతుంది. అంటే ఎండ కాసినా, రోడ్డు ఆరినా, ఛాసీకి అంటిన ఉప్పు పూత లోపల ఆరదన్నమాట. వాన వెలిసింది కదా, ఇంక కడగనక్కర లేదనుకోవటం అందుకే పొరపాటు.

మంచు కురిసే దేశాల్లో ఈ బాధ మనకంటే ఎక్కువ. అమెరికాలో, కెనడాలో మంచు కరగటానికి రోడ్ల మీదే ఉప్పు చల్లుతారు. మనం వద్దనుకునే మెగ్నీషియం క్లోరైడునూ చల్లుతారు. అక్కడ బ్రేకు పైపులు తుప్పుపట్టి చిల్లులు పడుతున్నాయని వాహనదారులు ఫిర్యాదులు చేస్తే, ఆ దేశపు రోడ్డు భద్రతా సంస్థ విచారణ జరిపి 2015లో ముగించింది. చలికాలమంతా బండి అడుగు కడుక్కోండి, పైపులు చూపించుకోండి అని ప్రజలకు చెప్పింది. అంత డబ్బున్న దేశంలోనూ మొదటి మందు నీళ్ళే.

ఇక ఎక్కడ చూడాలి? డ్రైవర్లు, ఫిట్టర్లు జాగ్రత్తగా వినాలి.

ఛాసీ పొడుగు పట్టీల లోపలి వంపులో మట్టి, ఉప్పు పేరుకుంటాయి. క్రాస్ మెంబర్లు కలిసే చోట, ఒక ప్లేటు మీద ఇంకో ప్లేటు రివెట్టు చేసిన చోట నీరు దూరితే బయటికి రాదు. తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ జాగా తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి ప్లేట్లు ఉబ్బుతాయి, రివెట్లు వదులవుతాయి. చిన్న సుత్తితో తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తిన్న ఇనుము బొదబొదమంటుంది, పెచ్చులు రాలుతుంది. కమాన్ కట్టల మధ్య, యు-బోల్టుల కింద, షాకిల్ పిన్నుల దగ్గర చూడండి. డీజిల్ ట్యాంకును పట్టుకునే పట్టీల కింద, బ్యాటరీ పెట్టె కింద చూడండి. ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పుంటే లైట్లు మసకబారతాయి, సెల్ఫు మొరాయిస్తుంది. బల్బులు మార్చి లాభం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకు. పైపు క్లిప్పు కింద, మలుపు దగ్గర చేత్తో తడమండి. గాలి నిండాక ఇంజను ఆపి చెవి పెట్టండి, గేజి ముల్లు చూడండి. బుసబుస వినబడినా, ముల్లు దిగినా బండి కదలకూడదు. ఎయిర్ ట్యాంకులో చేరిన నీటిని రోజూ వదలండి. ఆ నీరు ట్యాంకును లోపలి నుంచి తింటుంది. పార్కింగు బ్రేకు స్ప్రింగు ఉండే చాంబరు తుప్పు తిని ఉంటే ఎవరూ సొంతంగా విప్పకండి. లోపలి స్ప్రింగు ఎగిరితే ప్రాణం తీస్తుంది. అది తెలిసినవాడు, తగిన సామానుతో చెయ్యవలసిన పని.

కడగటం ఎలా? ఉప్పు లోడు దించిన ప్రతిసారీ, తూత్తుకుడిలో రాత్రి నిలిచి వచ్చిన ప్రతిసారీ, అదే రోజు కడగాలి. మంచినీళ్ళతోనే కడగాలి. రేవు పక్క బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పగానే ఉంటాయి. అద్దకం మురుగును శుద్ధి చేశాక మిగిలే ఉప్పునీరు అసలే పనికిరాదు. దానితో కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్టే. ముందు లారీ తొట్టి పలకల సందుల్లో చిక్కిన ఉప్పును ఊడ్చెయ్యండి. లేకుంటే కింద కడిగిన వెంటనే పైనుంచి మళ్ళీ ఉప్పునీరు కారుతుంది. నీళ్ళు ధారాళంగా, నింపాదిగా పట్టాలి. ప్రెషర్ గన్ను హబ్బు సీళ్ళకూ, వైర్ల జాయింట్లకూ గురిపెట్టకండి, నీరు లోపలికి దూరుతుంది. నీరు కారిపోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉంటే పుల్లతో తెరవండి. కడిగాక ప్రతి నిప్పిల్‌కూ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా గన్ను కొట్టండి. పాత గ్రీజుతో పాటు దూరిన నీరూ బయటికొస్తుంది.

ఇక వరద నీటిలో మునిగిన బండి కథ వేరు. 2023 డిసెంబరులో తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాలు మునిగినప్పుడు కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో సుమారు 95 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి నీటిలో నిలిచిన లారీకి ఛాసీ సందులన్నీ ఒండ్రు నిండిపోతుంది. యాక్సిలు నూనెలో నీరు కలిసి ఉండవచ్చు. స్టార్టు అయింది కదా అని లోడు వెయ్యకుండా, పూర్తిగా విప్పి చూసి, నూనెలు మార్చాకే రోడ్డెక్కించాలి.

పూత విషయంలో మన వర్క్‌షాపుల్లో ఒక పాత అలవాటుంది. ఇంజను నుంచి తీసిన నల్ల ఆయిలులో డీజిలు కలిపి అడుగంతా కొట్టేస్తారు. ఖర్చు లేదు, నల్లగా నిగనిగలాడుతుంది. కానీ కాలిన ఆయిలులో ఆమ్లాలు, మసి ఉంటాయి. రబ్బరు బుష్షులను, గొట్టాలను మెత్తబరుస్తుంది. బ్రేకు లైనింగు మీద పడితే బ్రేకు పట్టదు. రోడ్డు మీద కారితే వెనక వచ్చే మోటారుసైకిలు జారుతుంది. అన్నిటికీ మించి, అది ఏళ్ళ తరబడి చర్మానికి అంటుకుంటే క్యాన్సరుకు దారి తీస్తుంది. స్ప్రే పట్టుకుని కింద పడుకునేది ఎవరు? మన హెల్పరు పిల్లవాడు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద అది పారబొయ్యకూడని వ్యర్థం కూడా. మన సెక్షనులో ఈ పని ఇంక జరగకూడదు.

ఇంకొందరు తుప్పు మీదే తారు పూత దట్టంగా పట్టిస్తారు. పైకి గట్టిగా కనబడుతుంది, లోపల తేమ చిక్కుకుని ఇనుమును తింటూనే ఉంటుంది. పెచ్చు ఊడినప్పుడు గానీ తెలియదు. సరైన వరుస ఇది. కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. వైర్ బ్రష్షుతో వదులు తుప్పంతా రాల్చి మెరిసే ఇనుము దాకా రావాలి. జింకు ఉన్న ప్రైమరు గానీ, ఎపాక్సీ ప్రైమరు గానీ పూసి, అది ఆరాక ఛాసీ పెయింటు వెయ్యాలి. బ్రష్షు దూరని సందుల్లోకి మైనం జాతి రక్షణ నూనె కొట్టాలి. రబ్బరు భాగాలకు, బ్రేకు లైనింగుకు, చక్రం నట్లు కూర్చునే చోట, గాలి రంధ్రాలకు, కమాన్ కట్టలు ఒరుసుకునే చోట పెయింటు తగలకూడదు. ఛాసీ నంబరు మూసుకుపోకూడదు, ఎఫ్‌సీకి వెళ్ళినప్పుడు చిక్కు. తుప్పు తిన్న ఛాసీ అంచు మీద ఇష్టం వచ్చినట్టు వెల్డింగు పెట్టకూడదు. ఆ వేడికి పక్కన ఉన్న ఇనుము బలం పోయి, అతుకు పక్కనే చిట్లుతుంది. ఈ పనులన్నిటికీ కళ్ళద్దాలు, చేతిజోళ్ళు కావాలి. కేవలం జాకీ మీద నిలబెట్టిన లారీ కిందికి ఎవరూ దూరకండి. స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి.

ఇవన్నీ ఎవరి ఖర్చుతో, ఎవరి సమయంతో? ఇక్కడే యూనియన్ పని మొదలవుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ఏం చెబుతోంది? ప్రమాదకరమైన లోపం ఉన్న బండిని, ఆ లోపం తెలిసి గానీ, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండి గానీ నడిపినవాడిది తప్పు. నడిపించినవాడిదీ, నడపనిచ్చినవాడిదీ తప్పే. ఈ రెండో మాటను మన డ్రైవర్లకు ఎవరూ చెప్పరు. బ్రేకు పైపు తుప్పు తిన్నదని నోటితో చెబితే సూపర్‌వైజరు వినలేదంటాడు. కాగితం మీద రాస్తే వినలేదనటం కుదరదు. ఎనిమిదేళ్ళు దాటిన లారీకి ఏడాదికోసారి ఎఫ్‌సీ ఉంది నిజమే. కానీ ఏడాదికోసారి చూస్తే సరిపోయే జబ్బు కాదిది. ఒక్క వానాకాలం చాలు దానికి.

కనుక యాజమాన్యం ముందు మనం పెట్టే కోర్కెలు ఇవి. ఉప్పు ట్రిప్పు తర్వాత కడగటానికి పట్టే సమయాన్ని డ్యూటీగా లెక్కకట్టాలి. కడగటానికి మంచినీరు, కాంక్రీటు గచ్చు ఇవ్వాలి. ట్రిప్ షీటులో లోపాలు రాసే గడి పెట్టి, సంతకం చేసిన నకలు డ్రైవరుకు ఇవ్వాలి. బ్రేకు లోపం రాసిన లారీని తియ్యనన్న డ్రైవరు మీద ఏ చర్యా ఉండకూడదు, ఆ రోజు బత్తా కోత ఉండకూడదు. కాంట్రాక్టు లారీల సోదరులకూ ఇవే వర్తించాలి. వాళ్ళది వేరే రోడ్డు కాదు, వేరే ఉప్పు కాదు.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. మనం లోడు దించే రేవుకు వి.ఓ. చిదంబరం పిళ్ళై పేరుంది. 1908లో అదే తూత్తుకుడిలో కోరల్ మిల్లు కార్మికులు ఆయన అండతో సమ్మె చేసి జీతం పెంపు, వారానికో సెలవు సాధించుకున్నారు. ఆనాడు ఆదివారం సెలవు కూడా గొంతెమ్మ కోరికే అన్నారు.

యాజమాన్యం జవాబిచ్చేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర లేదు. ఈ ఆయుధపూజ ముందు రోజు ప్రతి లారీనీ స్టాండ్ల మీద పెట్టి, ఒక ఫిట్టరు, ఆ లారీ డ్రైవరు కలిసి అడుగంతా చూడాలి. చూసింది చూసినట్టు రాయాలి. తెలుగులో రాస్తారో, తమిళంలో రాస్తారో మీ ఇష్టం, రాయటం ముఖ్యం. ఒక నకలు యూనియన్ ఆఫీసులో ఇవ్వండి, మేము భద్రపరుస్తాం. ఆ తర్వాతే గుమ్మడికాయ కొట్టండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!